ఫ్యాన్ లేని పెట్టెలో పాట: విజయనగరంలో ఆరేళ్ల వాడకం

వీణ మీద ఒక్క మీటు వేశాక ఆ నాదం సన్నబడుతూ సన్నబడుతూ ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగుతుంది. మా పాత డెస్క్‌టాప్‌లో ఆ చివరి భాగం నేనెప్పుడూ వినలేదు. అక్కడికొచ్చేసరికి సీపీయూ ఫ్యాన్ హోరు పైకి లేచేది. మే నెలలో మా విజయనగరం ఎండకి అది మరీ గట్టిగా తిరిగేది.

అందుకే 2019 చివర్లో పాట కోసమే వేరే పెట్టె పెట్టుకున్నాను. షాపులో ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ తీసుకోమన్నారు. పాట వినడానికి అంత అక్కర్లేదు. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 ధ్వని నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానెళ్లు. అంతా కలిపితే సెకనుకు 1,411 కిలోబిట్లు. దాన్నే ఏమీ పోకుండా కుదించిన ఫ్లాక్ ఫైల్‌ని విప్పడం చిన్న ప్రాసెసర్‌కి కూడా పెద్ద పని కాదు. నేను రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ కొని, అల్యూమినియం కేసులో పెట్టాను. ఆ కేసే వేడిని లాగి బయటికి వదిలేస్తుంది, ఫ్యాన్ లేదు. ఎండాకాలంలో చెయ్యి పెడితే చురుక్కుమంటుంది కానీ ఆరేళ్లలో వేడికి ఒక్కసారీ ఆగలేదు. దాని ముందు మోడల్ రాస్ప్‌బెర్రీ పై 3 వద్దనుకోవడానికి కారణం ఉంది. అందులో నెట్‌వర్క్‌కీ యూఎస్‌బీకీ ఒకటే దారి. నా పాటలున్న హార్డ్ డిస్క్ వెనక గదిలో ఉంటుంది, దాని చప్పుడు కూడా నాకు వద్దు. పాట ల్యాన్ వైరులో వచ్చి యూఎస్‌బీలో డాక్‌కి (DAC, అంకెల్లో ఉన్న పాటని స్పీకర్లకి పంపే ధ్వని సంకేతంగా మార్చే పెట్టె) వెళ్లాలి. 4లో ఈ రెండు దారులూ వేరు.

మిగిలిన డబ్బంతా డాక్ మీద, స్పీకర్ల మీద పెట్టాను. డాక్ కొనేటప్పుడు అసింక్రనస్ యూఎస్‌బీ ఉందో లేదో చూడండి. అది ఉంటే కంప్యూటర్ గడియారంతో పని లేదు, డాక్ తన గడియారం ప్రకారం డేటా అడిగి తీసుకుంటుంది. విండోస్‌లో వినేవాళ్లు ప్లేయర్ సెట్టింగ్స్‌లో వాసాపీ ఎక్స్‌క్లూజివ్ (WASAPI Exclusive, పాటని నేరుగా డాక్‌కి పంపే పద్ధతి) పెట్టుకోండి. లేకపోతే ఏ ఫైలైనా అన్ని చప్పుళ్లనీ కలిపే విండోస్ మిక్సర్‌లో పడి, అక్కడ పెట్టి ఉన్న రేటుకి మారిపోయి వస్తుంది.

నన్ను నిజంగా ఏడిపించింది కరెంటు. అన్నీ బిగించాక పాట ఆపినా స్పీకర్లలో మ్‌మ్‌మ్ అని రొద. కేసు మీద వేలు ఆనిస్తే సన్నగా జిల్లుమనేది. డాక్ పాడైందనుకుని పది రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి మా ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ పెట్టి చూసి, "ఎర్త్ ఎండిపోనాది బాబూ, గొయ్యిలో నీళ్లు పోసి ఎన్నాళ్లయింది?" అన్నాడు. గొయ్యి తవ్వించి ఉప్పు, బొగ్గు కొత్తగా వేయించాం. నాలుగు బిందెల నీళ్లు పోశాం. సామానంతా ఒకే మూడు పిన్నుల బోర్డు మీదకి తెచ్చాను. రొద పోయింది. ఇప్పటికీ ఎండాకాలంలో వారానికోసారి ఆ గొయ్యికి నీళ్లు పోస్తాను. మీ ఇంట్లోనూ ఇలాగే ఉంటే ఒక పని చెయ్యండి: లాప్‌టాప్‌ని ఛార్జర్ పీకేసి, బ్యాటరీ మీద డాక్‌కి తగిలించి వినండి. రొద పోయిందంటే డాక్‌ని అనుమానించకండి, ముందు ఎర్త్ చూపించండి.

2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన రాత్రి కరెంటు వచ్చి పోయి, వచ్చి పోయి, ఆ చిన్న కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఉన్న మెమరీ కార్డు చెడింది. పాటలు వేరే డిస్క్‌లో ఉన్నాయి కాబట్టి బతికాయి. అప్పట్నుంచి చిన్న యూపీఎస్ ఒకటి వాడుతున్నాను, అన్నీ ఎక్కించిన రెండో కార్డు ఒకటి సొరుగులో ఉంచుతున్నాను.

24 బిట్ల, 96 కిలోహెర్ట్జ్ ఫైళ్లు కొనాలా అని చాలామంది అడుగుతారు. సీడీ కంటే మూడు రెట్లకు పైగా డేటా. మా చెల్లెలు ఏది పెట్టిందో చెప్పకుండా ఒకే కచ్చేరీని రెండు రకాలుగా ఇరవైసార్లు వినిపించింది. నేను పదకొండు సరిగ్గా చెప్పాను, అంటే ఊహించినట్టే లెక్క. సెకనుకు 128 కిలోబిట్లకి కుదించిన ఎంపీ3 మాత్రం ప్రతిసారీ పట్టేశాను. మృదంగం మీద దెబ్బ పడే ముందే ఒక మసక చప్పుడు వస్తుంది, కంజీరా గజ్జెలు ఇసకలా రాలతాయి. అందుకే నేను సీడీ నాణ్యత ఫ్లాక్ దగ్గరే ఆగిపోయాను. ఒక ఆల్బమ్‌కి దాదాపు 300 ఎంబీ, డిస్క్ ఇంకా సగం కూడా నిండలేదు.

మా నాన్నకి ఈ లెక్కలతో పని లేదు. ఆయనకి కావలసింది 1936లో మా ఊరి సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్. అవి పాత 78 ఆర్‌పీఎం రికార్డులు, ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలే. పై స్థాయి ధ్వనులు వాటిలో ఎక్కనే లేదు, ఎంత ఖరీదు డాక్ పెట్టినా రావు. అయినా తెల్లవారుజామున ఐదింటికి, రోడ్డు మీద ఆటోలు మొదలవకముందు, ఆ గరగర కింద కమాను వెనక్కి తిరిగే చోటు స్పష్టంగా వినిపిస్తుంది. ఆ క్షణంలో నాన్న తల ఊపుతారు. పాత డెస్క్‌టాప్ ఉన్నప్పుడు ఆయన ఆ చోట తల ఊపడం నేను చూడలేదు.