బిళ్ళ వేసినవాళ్ళకో సినిమా, వేయనివాళ్ళకో సినిమా

"గా పెద్ద చేతులోడు ఏం తప్పు చేసిండురా?" అని మా అమ్మ అడిగేసరికి సినిమా మొదలై పది నిమిషాలు కూడా కాలేదు. ఆమెకు ఇంగ్లిష్ రాదు. నేను పక్కన కూర్చుని చెవిలో తెలుగు చెప్తున్నాను. "ఏం తప్పు లేదమ్మా. గేమ్‌ల ఇల్లు పగలగొట్టుడు ఆయన డ్యూటీ. దాన్ని బాగుచేసుడు ఇంకొకాయన డ్యూటీ. బాగుచేసినాయనకు మెడల్ ఇస్తరు. ఈయన పోయి చెత్తకుప్పల పండుకోవాలె." కాసేపు తెర వైపు చూసి, "డ్యూటీ చేసినా తిట్లేనా" అంది. ఇక సినిమా అయిపోయేదాకా ఆమె రాల్ఫ్ పార్టీయే.

సినిమా పేరు రెక్-ఇట్ రాల్ఫ్. డిస్నీ వాళ్ళది, 2012లో వచ్చింది, దర్శకుడు రిచ్ మూర్, నిడివి గంటా నలభై నిమిషాలు. ఇంత పాత సినిమాకు ఇప్పుడు రివ్యూ ఏమిటంటే, మొన్న మే నెలలో హన్మకొండ నయీంనగర్‌లో మా అపార్ట్‌మెంట్ డాబా మీద ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చి, తెల్ల దుప్పటి కట్టి, ముప్పై మందిమి కలిసి చూశాం. సినిమా కంటే ఎక్కువగా నేను చూసినవాళ్ళనే చూశాను. దానికో కారణం ఉంది. 1997 నుంచి 2004 దాకా చౌరస్తా దగ్గర ఒక మడిగెలో వీడియో గేమ్‌ల షాపు నడిపింది నేనే. ఆరు డబ్బాలు, రెండు స్టూళ్ళు, ఒక టేబుల్ ఫ్యాన్. రూపాయి బిళ్ళకు ఒక ఆట. ఆ రోజు డాబా మీద కూర్చున్నవాళ్ళలో ముగ్గురు అప్పట్లో బడి ఎగ్గొట్టి నా దగ్గరికి వచ్చినవాళ్ళే. ఇప్పుడు వాళ్ళకూ పిల్లలున్నారు, పొట్టలున్నాయి.

కథ చూడనివాళ్ళ కోసం కొంచెం. లిట్వాక్ అనే ముసలాయనకు గేమ్‌ల షాపు ఉంటుంది. రాత్రి షట్టర్ దించగానే డబ్బాల్లోని బొమ్మలన్నీ బయటికి వస్తాయి. రాల్ఫ్ ముప్పై ఏళ్ళుగా ఒకే గేమ్‌లో విలన్, విసుగొచ్చి హీరో అనిపించుకోవాలని వేరే గేమ్‌లోకి దూరతాడు. అక్కడినుంచి తప్పించుకుని మిఠాయిల కార్ల రేసు గేమ్‌లో పడతాడు. అక్కడ వానెలోపీ అనే చిన్నపిల్ల కలుస్తుంది. ఆమెను మిగతావాళ్ళు గ్లిచ్ అని వెక్కిరిస్తుంటారు, అంటే ప్రోగ్రామ్‌లో పొరపాటున మిగిలిన బొమ్మ అని. ఈలోపు రాల్ఫ్ లేక అతని సొంత గేమ్ ఆగిపోతుంది.

ఈ బొమ్మలన్నీ ఒక గేమ్ నుంచి ఇంకో గేమ్‌కు ఎలా పోతాయో చూపించిన పద్ధతికి నేను లేచి దండం పెట్టాలనుకున్నాను. డబ్బాల ప్లగ్గులన్నీ పెట్టే ఎక్స్‌టెన్షన్ బోర్డే వాళ్ళకు పెద్ద రైల్వే స్టేషన్. వైర్లే పట్టాలు. మాకు కాజీపేట జంక్షన్ ఎట్లనో వాళ్ళకు అది అట్ల. గేటు దగ్గర టీసీ లాంటివాడు ఒకడు నిలబడి, ఎక్కడినుంచి వస్తున్నావ్, చేతిలో ఏముంది అని అడుగుతాడు. నా షాపులోనూ ఆరు డబ్బాలకు కలిపి ఒకే బోర్డు ఉండేది. ఎండాకాలం అది వేడెక్కి కమురు వాసన వచ్చేది. దాని లోపల ఒక స్టేషన్ ఉందని తెలిస్తే మంచి బోర్డే కొనేవాణ్ణేమో.

ఇక్కడే మా మూడో అంతస్తు లెక్చరర్ సారు అన్న మాటకు డాబా అంతా నవ్వింది. "లిట్వాక్ షాపు మన దగ్గర లేదు కాబట్టి సరిపోయింది. అప్పటి కరెంటు కోతలకు ఈ బొమ్మలు రోజుకు మూడుసార్లు చచ్చేటియి." నిజమే. కరెంటు పోతే పిల్లలకు వచ్చే కోపం మామూలుగా ఉండేది కాదు. ముస్తఫా అనే గేమ్‌లో ఆరో బాస్ దాకా వచ్చిన పిల్లవాడు చీకట్లో స్టిక్ పట్టుకుని కదలకుండా నిలబడేవాడు, కరెంటు వస్తే ఆట అక్కడినుంచే మొదలవుతుందని. మొదలుకాదని వాడికీ తెలుసు.

ముస్తఫా అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. ఆ పేరు మా షాపులో ఒక్కడూ పలకలేదు. అందులో తీసుకుని ఆడటానికి నాలుగు బొమ్మలు ఉన్నా, అందరికీ కావాల్సింది ముస్తఫా అనే బొమ్మే కాబట్టి గేమ్‌కే ఆ పేరు పడిపోయింది. ఈ సినిమాలో ముస్తఫా లేడు. మా పాత బ్యాచ్‌కు అదే మొదటి నిరాశ.

రెండో నిరాశ పిల్లలది. 2023లో వచ్చిన మారియో సినిమా వాళ్ళు చూసి ఉన్నారు. గేమ్‌ల బొమ్మల సినిమా అనగానే మారియో ఉంటాడని కూర్చున్నారు. ఇందులో మారియో పేరు ఒక పార్టీలో వినిపిస్తుంది, మనిషి రాడు. అతని విలన్ బౌజర్ మాత్రం వస్తాడు. "మారియో ఏడి అంకుల్?" అని సినిమా అంతా నన్నే అడిగారు, ఏదో నేను దాచిపెట్టినట్టు.

బౌజర్ వచ్చే సీన్ మాత్రం అందరికీ నచ్చింది. విలన్లంతా గుండ్రంగా కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునే మీటింగ్ అది. 1980 నాటి ప్యాక్-మ్యాన్‌లోని నారింజ రంగు దయ్యం దానికి పెద్దమనిషి. స్ట్రీట్ ఫైటర్ పహిల్వాన్ జాంగీఫ్ లేచి మాట్లాడగానే మా పాత బ్యాచ్‌లో ఒకాయన కుర్చీలోంచి అరిచాడు: "అన్నా, వాడు విలన్ కాదు గదా! వాణ్ణి తీసుకునే నేను ఆడేటోణ్ణి!" ఆయన మాటలో న్యాయం ఉంది. స్ట్రీట్ ఫైటర్ 2లో జాంగీఫ్‌ను మనం తీసుకుని ఆడొచ్చు, అసలు విలన్ వేరే. ఈ తప్పు గేమ్‌లు ఆడినవాళ్ళు చాలాచోట్ల పట్టుకున్నదే. ఇరవై ఐదేళ్ళ కింద ఎర్ర చెడ్డీ పహిల్వాన్ కోసం రూపాయలు పోసిన మనిషికి మాత్రం అది ఇంటిపేరు తప్పు రాసినట్టే. తర్వాత పావుగంట పక్కవాళ్ళకు వివరిస్తూనే ఉన్నాడు.

ఈల పడింది ఇంకో చోట. మిఠాయి దేశపు రాజు ఒక రహస్య తలుపు తెరవడానికి బటన్లు నొక్కుతాడు: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ, స్టార్ట్. మా వెనక వరుసలో నలభై దాటినవాళ్ళంతా రాజుతో పాటు పైకే చదివారు, మంత్రం చదివినట్టు. ఇళ్ళల్లో టీవీకి పెట్టుకుని ఆడే కాంట్రా గేమ్‌లో 30 ప్రాణాలు ఇచ్చే కోడ్ అదే మరి. పిల్లలు వెనక్కి తిరిగి వాళ్ళ నాన్నలను చూసిన చూపు ఈ సినిమాకు నేను ఇచ్చే మార్కుల్లో సగం. ఎక్కాలు మర్చిపోయిన మనిషికి ఇది ఎట్ల గుర్తుందని ఒకావిడ తన భర్తను అడిగింది కూడా.

ఇక మిఠాయిల గేమ్. సినిమా సగానికి పైగా అక్కడే గడుస్తుంది, నా వరకు అదే పెద్ద లోపం. గులాబీ రంగు, చాక్లెట్ బురద, బిస్కెట్ కార్లు. పిల్లలకు పండగ. కూల్‌డ్రింక్ కొండ పొంగే సీన్‌కు కేకలు పెట్టారు. నాకు మాత్రం పెళ్ళిలో మూడు రకాల స్వీట్లు ఒకేసారి వడ్డించినట్టు అయింది. స్టేషన్‌లో అన్ని గేమ్‌ల బొమ్మలు ఉన్నాయని ఆశ పెట్టి, ఒకే గేమ్‌లో కూర్చోబెట్టారు. రాల్ఫ్ పగలగొట్టింది బాగుచేసే ఫీలిక్స్‌కూ, రాల్ఫ్ మొదట దూరిన గేమ్‌లోని మిలిటరీ మేడమ్‌కూ మధ్య ప్రేమ కథ ఆడవాళ్ళను బాగా నవ్వించింది, నాకు పెద్దగా పట్టలేదు.

అదే గేమ్‌లో డాబా మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైపోయిన సీన్ కూడా ఉంది. వానెలోపీ రేసులో నిలబడితే గేమ్ పాడైందనుకుని ప్లగ్ పీకేస్తారని, అందరూ పారిపోయినా గ్లిచ్ కాబట్టి ఆమె మాత్రం బయటికి రాలేక చచ్చిపోతుందని రాజు రాల్ఫ్‌ను నమ్మిస్తాడు. రాల్ఫ్ ఆమె మంచికే అనుకుని, ఇద్దరూ కలిసి కట్టుకున్న కారును ఆమె కళ్ళముందే గుద్ది ముక్కలు చేస్తాడు. కాసేపటి కిందే ఆ పిల్ల అతనికి బిస్కెట్‌తో మెడల్ చేసి ఇచ్చింది. ముందు వరుసలో ఒక ఆరేళ్ళ పాప ఏడుపు మొదలుపెట్టింది. వాళ్ళమ్మ ఎత్తుకుని మెట్ల దగ్గరికి తీసుకుపోయింది. మా అమ్మ నాకేసి చూసి, "నువ్వు సరిగ చెప్తలేవు. వాడు గట్ల చెయ్యడు" అంది. రాల్ఫ్ ఎందుకు చేశాడో రెండుసార్లు చెప్పాకే ఒప్పుకుంది.

ప్రొజెక్టర్ సంగతి కూడా రివ్యూలో రావాలి. రోజుకు 1,200 అద్దె, స్పీకర్‌తో కలిపి. షాపు పేరు రాయను. బొమ్మ మంచిగానే ఉంది, కేబుల్ మాత్రం సడలింది. మొదటి అరగంటలో నాలుగుసార్లు తెర నీలంగా మెరిసి పోయింది, నేను లేచి కేబుల్ ఊపి వచ్చాను. తర్వాత వానెలోపీ వచ్చింది. గ్లిచ్ కాబట్టి ఆమె ఉన్నట్టుండి నీలి ముక్కలుగా మెరుస్తుంది. ఆమె మొదటిసారి మెరవగానే నేను లేచి పోయి కేబుల్ ఊపాను. రెండోసారీ ఊపాను. మూడోసారి మా అబ్బాయి, "బాపూ, అది సినిమాలనే ఉంది, కూసో" అన్నాడు. ముప్పై మంది నవ్వారు. అద్దెకు తెచ్చుకునేవాళ్ళు సొంత కేబుల్ ఒకటి దగ్గర పెట్టుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు ఈ విషయం చెప్తే, "సినిమా పాతది సార్, అందుకే" అన్నాడు కుర్రాడు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన సీన్‌కు ఎవరూ నవ్వలేదు, ఏడవలేదు. ఒక పిల్ల బిళ్ళ వేస్తుంది, గేమ్‌లో రాల్ఫ్ రాడు, ఆమె పోయి లిట్వాక్‌కు చెప్తుంది. ఆయన వచ్చి తెర మీద పాడైందని ఒక కాగితం అంటిస్తాడు. మర్నాడు బాగుకాకపోతే ప్లగ్ పీకేస్తారు. లోపల బొమ్మలు గజగజ వణుకుతుంటాయి. ప్లగ్ పీకిన గేమ్‌ల బొమ్మలు స్టేషన్‌లో ఒక మూల అడుక్కుంటూ బతుకుతాయి. 1982 నాటి క్యూ-బర్ట్ అట్ల కూర్చుని ఉంటే పిల్లలకు అది ఎవరో కూడా తెలియలేదు. నేను అట్టముక్క మీద స్కెచ్ పెన్‌తో "రిపేర్" అని రాసి అంటించేవాణ్ణి. ఎన్నిసార్లు అంటించానో లెక్క లేదు. స్పేర్ల కోసం కోఠి గుజరాతీ గల్లీకి బస్సులో పోయి వచ్చేసరికి రోజు అయిపోయేది. ఈ సినిమా తీసినవాళ్ళు బొమ్మల వైపు నుంచి అంతా చూశారు, ఓనర్ వైపు ఒక్క నిమిషం కూడా చూడలేదు. లిట్వాక్ మంచివాడే, అంతకుమించి ఏమీ తెలియదు. ఆయన షాపు అద్దె ఎంత? బిళ్ళకు దారం కట్టి పైకి లాగే పిల్లలను ఏం చేసేవాడు?

రేటింగ్ అడిగితే పిల్లలతో చూసేవాళ్ళకు 5కి 4, ఒకప్పుడు బిళ్ళలు వేసినవాళ్ళకు 3.5. మా అమ్మ అయితే ఐదుకు ఐదు ఇచ్చింది. చివర్లో ఆ పిల్ల కోసం రాల్ఫ్ కొండ మీదికి దూకినప్పుడు ఆమె రెండు చేతులూ జోడించింది.

పిల్లలు రెండో భాగం అడిగారు. 2018లో వచ్చింది. వారం తర్వాత అది ఇంట్లోనే పెట్టాను, మా అబ్బాయీ నేనూ చూశాం. అందులో లిట్వాక్ షాపుకు ఇంటర్నెట్ వస్తుంది. మిఠాయిల గేమ్ స్టీరింగ్ విరిగిపోతుంది. కొత్త స్టీరింగ్ ధర, ఆ డబ్బా ఏడాదికి సంపాదించేదానికంటే ఎక్కువ. కొననంటాడు ముసలాయన, డబ్బాను పాతసామానుకు ఇచ్చేద్దామంటాడు. మొదటి భాగంలో నేను అడిగిన లెక్క రెండో భాగంలో వచ్చింది. 2004లో నా ముస్తఫా డబ్బాకు పిక్చర్ ట్యూబ్ పోయింది. అప్పటికే పక్క సందులో రెండు ఇంటర్నెట్ సెంటర్లు తెరిచారు, గంటకు 15 రూపాయలు. ట్యూబ్ ధర విని నేనూ అదే లెక్క వేశాను.

"మరి నువ్వేం చేసినవ్ బాపూ?" అన్నాడు మా అబ్బాయి.

డబ్బా చెక్క కట్టెల పొయ్యికి పోయింది. ఇనుము కిలో లెక్కన అమ్మాను. లోపల గేమ్ ఉండే సర్క్యూట్ బోర్డు మాత్రం సజ్జ మీద బిస్కెట్ డబ్బాలో ఉందని చెప్పాను. వాడు స్టూలు తెచ్చుకున్నాడు.