లింఫోమా తీవ్రతకి ఎల్‌డీహెచ్ మేలా, బీటా-2 మేలా?

లింఫోమా అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్. ఎల్‌డీహెచ్ కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఎంజైము, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ కణాల మీదుండే ఒక ప్రొటీన్. నెల్లూరు పొగతోటలో ల్యాబ్ కౌంటర్లో కూర్చునేవాళ్లకి ఈ ప్రశ్న తప్పదు. "అన్నా, ఎల్‌డీహెచ్ 620 వచ్చింది, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ మాత్రం నార్మల్, దేన్ని నమ్మాలి?" జబ్బు ఉందా, ఏ రకం అనేది బయాప్సీయే తేల్చాలి. ఈ రెండూ జబ్బు ఎంత ఉధృతంగా ఉంది, ముందు ముందు ఎలా ఉండొచ్చు అన్న అంచనాకే.

నా ఓటు ఎల్‌డీహెచ్‌కే. చవక, చిన్న ల్యాబుల్లోనూ చేస్తారు. పైగా వేగంగా పెరిగే రకాలకి 1993 నుంచి వాడుతున్న ఐపీఐ (జబ్బు ముందు ముందు ఎలా ఉండొచ్చో అంచనా వేసే) స్కోరులో వయసు, స్టేజీ, పేషంటు లేచి తిరగగలుగుతున్నాడా, గ్రంథులు దాటి ఎన్నిచోట్లకి పాకింది, వీటితో పాటు చేర్చిన రక్తపరీక్ష ఇదొక్కటే.

కాకపోతే 620 అన్న అంకెని ఒంటరిగా చూసి లాభం లేదు. పరీక్ష పద్ధతిని బట్టి ఒక ల్యాబులో పై హద్దు 250 ఉంటే ఇంకోచోట 480 ఉంటుంది. మొదటి దాంట్లో 620 అంటే రెండున్నర రెట్లు, రెండో దాంట్లో ఒకటింబావు మాత్రమే. అందుకే రిపోర్టులో పక్కనున్న హద్దుతో భాగించి చూడండి, రెండు ల్యాబుల అంకెల్ని నేరుగా పోల్చొద్దు.

అంతకన్నా అసలైనది శాంపిల్. ఎర్ర కణాల్లో ఎల్‌డీహెచ్ సీరంలో (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఉదయగిరిలో తీసిన రక్తాన్ని సీరం వేరు చెయ్యకుండా అలాగే బస్సులో కుదుపుకుంటూ నెల్లూరు పంపితే, ఎర్ర కణాలు పగిలి, లేత పసుపుగా ఉండాల్సిన సీరం దానిమ్మ రసంలా దిగుతుంది, అంకె దానంతటదే పెరిగిపోతుంది. పోనీ అని ఐసులో పెడితే ఈ ఎంజైములో కొన్ని రకాలు చల్లదనానికి తగ్గిపోతాయి. అనుమానం వస్తే మళ్లీ తీయించుకోవడమే. కామెర్లు, బీ12 లోపం ఉన్నా పెరుగుతుందని డాక్టరుకి గుర్తుచెయ్యండి.

బీటా-2 చెడ్డదేం కాదు. నెమ్మదిగా పెరిగే ఫాలిక్యులర్ రకానికి 2009లో వచ్చిన ఫ్లిపి-2 అనే ఇలాంటి అంచనా స్కోరు ఎల్‌డీహెచ్‌ని పక్కనపెట్టి దీన్నే తీసుకుంది. కానీ దీన్ని బయటికి పంపేది కిడ్నీలే, అవి మందగిస్తే లింఫోమాతో సంబంధం లేకుండానే ఎక్కువ చూపిస్తుంది. కనిగిరి వైపు నుంచి వచ్చేవాళ్లలో కిడ్నీ జబ్బు కొత్తేం కాదు కదా, పక్కన కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ లేకపోతే నేను ఆ అంకెని లెక్కలోకి తీసుకోను.

ఈఎస్‌ఆర్ (గంటలో ఎర్ర కణాలు ఎంత కిందికి దిగాయో చూసే పరీక్ష) హాడ్జ్‌కిన్ అనే రకం లింఫోమా తొలి దశల్లో పనికొస్తుంది. హద్దు 50, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే 30. మిగతా రకాల్లో దాన్ని బట్టి చెప్పగలిగేది తక్కువ, టీబీకీ పెరుగుతుంది, రక్తహీనతకీ పెరుగుతుంది. ముదిరిన హాడ్జ్‌కిన్‌లో రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ డెసిలీటరుకి 4 గ్రాముల కన్నా తగ్గిందా అని చూస్తారు. ఫెరిటిన్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు డాక్టరు అడిగితేనే చేయించండి.

కీమో మధ్యలో తెల్లకణాల కోసం వేసే ఇంజెక్షన్ వల్ల కూడా ఎల్‌డీహెచ్ ఎక్కుతుంది. అది చూసి టెన్షన్ పడకుండా, ఇంజెక్షన్ ఏ రోజు వేశారో రిపోర్టు మీదే రాసి డాక్టరుకి చూపించండి.