పడమటి కిటికీకి థర్మల్ కర్టెన్లు: ఒక ఎండాకాలం, ఒక చలికాలం వాడాక

ఆదిలాబాద్‌లో మేముండేది మేడ మీది పోర్షన్. పడకగది కిటికీ పడమరకు. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం రెండు నుంచి ఎండ సరాసరి మంచం మీదికే. డిసెంబరులో అదే అల్యూమినియం కిటికీ సందుల్లోంచి చలి. ఈ ఊళ్లో రెండూ ఎక్కువే. అందుకే పోయిన మార్చిలో వెలుతురు, వేడి ఆపడానికి వెనకవైపు పూత వేసిన థర్మల్ బ్లాకౌట్ కర్టెన్లు కొన్నాను, జత 2,300 రూపాయలు.

"ఇవి వేస్తే ఏసీతో పనే లేదు సార్" అన్నాడు షాపతను. అంత లేదు.

మా గోడ గడియారంలో టెంపరేచర్ కూడా కనబడుతుంది. మే నెలలో వీటిని ఉతకడానికి తీసి, రెండు రోజులు పాత నూలు కర్టెన్లు వేశాను. సాయంత్రం నాలుగింటికి 39 చూపించింది. మళ్లీ ఇవి వేశాక దాదాపు అంతే ఎండకు 36. మూడు డిగ్రీలేగా అనిపించొచ్చు. కానీ ఒంటికి సెగ కొట్టకపోవడం గడియారానికి తెలియదు. మంచం మీద పడుకునేవాళ్లకు తెలుస్తుంది.

ఆ ఉతకడంలోనే దెబ్బతిన్నాను. వాషింగ్ మెషీన్‌లో వేస్తే వెనకవైపు తెల్లపూత అక్కడక్కడా పెచ్చులుగా ఊడింది. ఎండను తిప్పికొట్టేది ఆ పూతే. చేత్తో, చల్లనీళ్లలో ఉతకాలని షాపులో ఒక్క మాట చెప్తే పోయేది. మొదటి పది రోజులు రబ్బరు వాసన కూడా వచ్చింది.

మా అమ్మది రెంటచింతల. ఎండ గురించి ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు. కర్టెన్లు చూసి, "బయట తడిక కట్టాలి గానీ, లోపల గుడ్డ కడితే ఎండ ఇంట్లోకి వచ్చేసినట్టే కదరా" అంది. నిజమే. అద్దం దాటి లోపలికి వచ్చాకే ఎండ కర్టెన్‌కు తగులుతుంది. అక్కడ వేడెక్కిన గాలి రాడ్ పైనున్న ఖాళీలోంచి గదిలోకి దొర్లుతుంది. స్టూలెక్కి చెయ్యి పెడితే నాకే తెలిసింది. రాడ్‌ను అడుగు పైకి జరిపించి, పక్క అంచులు గోడకు వెల్క్రోతో అతికించాను. వట్టివేళ్ల తడికలకు రోజంతా నీళ్లు చల్లేవాళ్లు మా ఇంట్లో లేరు కాబట్టి, కిటికీ బయట నర్సరీల్లో వాడే ఆకుపచ్చ నెట్ కట్టాను. రెండూ కలిశాకే గది నిజంగా దారికొచ్చింది. నెట్‌కు అయింది 400. ముందు అదే కట్టి ఉండాల్సింది!

స్లాబ్ వేడికి మాత్రం కర్టెన్ ఏమీ చెయ్యలేదు. రోహిణి కార్తెలో రాత్రి పదింటికి కూడా పైకప్పు నుంచి సెగ దిగేది. అప్పుడు కర్టెన్లు మూసి ఉంచితే ఉడికిపోతాం, చీకటి పడగానే కిటికీతో సహా తెరిచెయ్యాలి. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ (ఎండను తిప్పికొట్టే పైకప్పుల విధానం) గురించి చెప్పి, మేడకు తెల్లపెయింట్ వేయించమని ఇంటి ఓనర్‌ను అడిగాను. "అది ఆరొందల గజాలు దాటిన ఇళ్లకే తప్పనిసరి. మనది నూట ఎనభై" అని నవ్వేశారు.

చలికాలంలో వేళలు తిరగబడ్డాయి. పగలంతా తెరిచి ఎండను రానిచ్చి, ఐదింటికల్లా మూసేవాళ్లం. తెల్లవారుజామున గడియారం 17 చూపించే గది 19 దగ్గర ఆగింది. ఒక్క పొరపాటు చేశాను. కిటికీయే కదా అని ఐదడుగులవి కొన్నాను. అద్దం దగ్గర చల్లబడిన గాలి కర్టెన్ కింద నుంచి జారి సరిగ్గా దిండు మీదికి వచ్చేది. పాత దుప్పటి చుట్టి కిటికీ గట్టు మీద అడ్డం పెట్టాం.

పగలు మూస్తే గది కటిక చీకటి. అమ్మ బియ్యం ఏరుకోవాలంటే మిట్టమధ్యాహ్నం లైటు వెయ్యాలి. ఆ చిరాకుకు ఒకటి, ఊడిన పూతకు అర తీసేసి ఐదుకు మూడున్నర ఇస్తాను. హాలు కిటికీ కూడా పడమరే. దానికీ ఇవే తీసుకుంటున్నాను, ఈసారి ఏడడుగులవి.