పుట్ ఆఫ్ సంగతి తేల్చుకోవాలంటే: లాంగ్‌మన్ ఆన్‌లైన్ నిఘంటువు

ఇంగ్లిష్‌లో పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం అని ఏ నిఘంటువైనా చెబుతుంది. చిక్కంతా దాన్ని వాక్యంలో కూర్చేటప్పుడే. ఆ చిక్కు విప్పడంలో లాంగ్‌మన్ ఉచిత ఆన్‌లైన్ నిఘంటువుకే మా ఓటు. 1978లో తొలిసారి అచ్చయిన ఈ నిఘంటువు, అర్థాలను సుమారు 2,000 తేలిక మాటలతోనే చెబుతుంది. ఇంటర్ పిల్లలకు కూడా వివరణ ఒక్కసారి చదివితే ఎక్కేస్తుంది.

ఉత్త పుట్ అని కొడితే చాంతాడంత పేజీ వస్తుంది, రెండు మాటలూ కలిపి కొట్టండి. అర్థం కంటే ముందు చూడాల్సింది రెండు వైపులా మొనలున్న చిన్న బాణం గుర్తు. అది ఉందంటే కర్మను ఆఫ్‌కు ముందైనా, తర్వాతైనా పెట్టొచ్చు: పుట్ ఆఫ్ ది మీటింగ్, పుట్ ది మీటింగ్ ఆఫ్. కానీ ఇట్, దెమ్ లాంటి సర్వనామమైతే మధ్యలోనే కూర్చోవాలి. పుట్ ఇట్ ఆఫ్ ఒప్పు, పుట్ ఆఫ్ ఇట్ తప్పు. లుక్ ఆఫ్టర్‌కు ఆ బాణం ఉండదు, అక్కడ కర్మ చివరే.

ముదురు అక్షరాల్లో ఇచ్చే వాడుకలనూ వదలొద్దు. పుట్ ఆఫ్ డూయింగ్ అని ఉంటుంది, అంటే దాని తర్వాత క్రియ గోయింగ్‌లా -ఇంగ్ రూపంలోనే రావాలి, పుట్ ఆఫ్ టు గో కుదరదు. మనమూ 'వెళ్లడం వాయిదా వేశాడు' అంటాం గానీ 'వెళ్లడానికి' అనం కదా, ఆ లెక్కే ఇక్కడా.

రెండో అర్థం వద్దనిపించడం: ది స్మెల్ పుట్ మీ ఆఫ్ మై ఫుడ్, ఆ వాసనకు తిండి సయించలేదు. ఆఫ్-పుటింగ్ అనే విశేషణం దీనిలోంచి పుట్టిందే. పని మీది ధ్యాస చెదరగొట్టడం ఇంకో అర్థం.

లోటు తెలుగు అర్థాలు లేకపోవడమే. దాంతో పుట్ ఆఫ్‌కూ కాల్ ఆఫ్‌కూ తేడా మనమే పట్టుకోవాలి. పెళ్లి పుట్ ఆఫ్ అయితే ఇంకో ముహూర్తం చూస్తారు, కాల్ ఆఫ్ అయితే పెళ్లే రద్దు.

ఉదాహరణల పక్కనున్న స్పీకర్ గుర్తు నొక్కి వినండి. పుట్ ఇట్ ఆఫ్‌లో ఊనిక పుట్ మీద కాదు, ఆఫ్ మీద పడుతుంది.