మానసిక చికిత్సకు బీమా: ఆసుపత్రిలో చేరితేనేనా, ఓపీకి కూడానా?

శరీరానికి వచ్చిన జబ్బుకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో, మానసిక జబ్బుకూ అదే ప్రాతిపదికన ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది. 2018 మే 29 నుంచి ఇది అమల్లో ఉంది. అయితే తిరుపతిలో పాలసీ తీసుకునే కుటుంబం తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది.

ఆసుపత్రిలో చేరితేనే చెల్లించే మామూలు పాలసీకి ప్రీమియం తక్కువ. జబ్బు ముదిరి వారాల తరబడి వార్డులో ఉండాల్సి వస్తే అదే ఆదుకుంటుంది. కానీ మానసిక చికిత్సలో పెద్ద భాగం వార్డు బయటే జరుగుతుంది. శ్రీకాళహస్తి నుంచి నెలనెలా తిరుపతికి వచ్చే బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ దిగులుకూ మధ్య ఊగిసలాడే జబ్బు) రోగినే చూడండి. డాక్టరు ఫీజు, లిథియం మాత్రలు, రక్తంలో లిథియం ఎంతుందో చూసే పరీక్ష, కౌన్సెలింగ్, బస్సు ఛార్జీలు, తోడు వచ్చినవారి ఆ రోజు కూలి. ఆసుపత్రిలో చేరనంత కాలం వీటిలో దేనికీ పైసా రాదు. మధుమేహానికీ ఓపీ ఖర్చు ఇవ్వడం లేదు కదా అని కంపెనీ అనవచ్చు. ఆ సమానత్వం రోగికి ఏం ఒరగబెడుతుంది?

ఓపీ ఖర్చు కలిసిన పాలసీకి ప్రీమియం ఎక్కువ, ఏడాదికి ఇచ్చే మొత్తం చిన్నది. అయినా ఏళ్ల తరబడి మందులు వాడేవారికి నేను దీన్నే సూచిస్తాను. కౌన్సెలింగ్ కలిపారా, పాత జబ్బుకు బీమా వర్తించాలంటే ఎన్నాళ్లు ఆగాలి అన్నవి సంతకానికి ముందే అడగండి. ఉన్న జబ్బును మాత్రం దాచవద్దు, తర్వాత క్లెయిమ్ తిరస్కరిస్తారు.

రెండూ భారమైతే తిరుపతిలోని ప్రభుత్వ రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేస్తే ఉచితంగా మాట్లాడతారు.