నైటన్‌లో ఆఫా డైక్ సెంటర్, ఆపైన మట్టికట్ట – యూకేలో ఉన్నవాళ్ళు తప్పక వెళ్ళండి

వేల్స్ అంటే మనవాళ్ళు స్నోడన్ ఎక్కి, కార్డిఫ్‌లో ఫోటోలు దిగి వచ్చేస్తారు, ఈసారి ఈ బోర్డర్ ఊరికి పోయి రండి. ఊరు వేల్స్‌లో ఉంటది, రైల్వే స్టేషన్ మాత్రం ఇంగ్లండ్‌లో.

ఆఫా డైక్ అంటే వేల్స్, ఇంగ్లండ్ సరిహద్దు పొడుగునా పోయే పాతకాలపు మట్టికట్ట, పక్కనే కందకం. దాని గురించి చెప్పే ఈ సెంటర్ చిన్నదే, నడిపేది ఆఫా డైక్ అసోసియేషన్ అనే చారిటీ. ముందు ఇక్కడ చూసుకుని పైకెళ్తేనే అర్థమవుద్ది, లేదంటే గడ్డి మొలిచిన గట్టేలే అనుకుని దాటేస్తారు. 757 నుంచి 796 దాకా, ఇప్పటి ఇంగ్లండ్‌లో ఉండే మెర్సియా అనే రాజ్యాన్ని ఏలిన ఆఫా రాజు కట్టించాడని చెప్తారు, కానీ చిర్క్ అనే ఊరి దగ్గర తవ్వి కార్బన్ డేటింగ్ చేస్తే అక్కడి ముక్క ఆయన కంటే పాతదై ఉండొచ్చని తేలింది, వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

నేను చెప్పేది ఒకటే, కట్ట ఎక్కి చూడకండి, పడమటి వైపు కందకంలోకి దిగి తలెత్తి చూడండి. వేల్స్ వైపు తవ్విన మట్టినే ఇటు పోసి కట్ట లేపారు, పైగా చాలా చోట్ల పడమటి లోయలు బాగా కనిపించేట్టు కొండవాలు పట్టుకుని పోయారు. పన్నెండు వందల ఏళ్ళ వానలకి కరిగి, కందకం సగం పూడిపోయాక కూడా ఇంతెత్తుంటే అప్పుడెలా ఉండేదో! పశువుల్ని తోలుకుపోదామని వచ్చినవాడు ఎలాగో ఎక్కి దూకొచ్చు, తిరిగెళ్ళేటప్పుడు ఆవుల మందని ఎలా దాటిస్తాడు?

ఓరుగల్లు మట్టికోట చూసినవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుద్ది. 1310లో మాలిక్ కాఫుర్ సైన్యానికి రాతిగోడ కంటే ముందు అడ్డుపడింది ఆ మట్టిగోడే కదా. కాకపోతే అది ఊరిని చుట్టి కాపాడింది, ఇది సరిహద్దు పొడుగునా మైళ్ళకి మైళ్ళు పోద్ది.

ఈ కట్ట పేరు మీద 1971లో ఓపెన్ చేసిన నడకదారి మొత్తం 177 మైళ్ళు, అంతా నడవక్కర్లేదు. నైటన్ నుంచి ఉత్తరానికి లాన్‌వైర్ హిల్ దాకా పోతే చాలు, కట్ట బాగా నిలిచిన చోటు అదే. మొదట్లో పాన్‌పంటన్ హిల్ నిటారుగా ఉంటది, మంచి షూస్ వేసుకోండి, రైళ్ళు తక్కువ కాబట్టి టైమ్ చూసుకుని బయల్దేరండి.

పిల్లల్ని మాత్రం కట్ట మీద జారుడుబల్ల ఆడనివ్వకండి ప్లీజ్. పైన గడ్డి ఒక్కసారి లేచిపోయిందంటే మట్టి వానకి కొట్టుకుపోద్ది, గొర్రెలూ కుందేళ్ళూ చేసేది చాలదా. 2013లో చిర్క్ దగ్గర ఒక ముక్కని చదును చేసి పారేశారు, దాన్ని మళ్ళీ ఎవరూ తేలేరు. నా రేటింగ్ ఐదుకి ఐదు, వెళ్ళినోళ్ళు ఆ చారిటీకి తోచింది ఇచ్చి రండి.