కోహిమా వార్ టూర్: నాలుగు స్టార్లు, కాకపోతే కొన్ని ఫిర్యాదులు

కోహిమాలో మేం దిగిన హోమ్‌స్టే వాళ్లే ఒక రోజు 'వార్ టూర్' ఏర్పాటు చేస్తారు. కారు, గైడు, మధ్యాహ్నం భోజనం అన్నీ కలిపే రేటు. పేరు మాత్రం రాయను. ఊళ్లో ఇలాంటివి నడిపేవాళ్లు ఇంకా ఉన్నారు, ఎవరితో వెళ్లినా ఈ మాటలు పనికొస్తాయి. నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో రేషన్ లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి. ఎక్కడ ఏ యుద్ధం గురించి విన్నా, ఎవరు ఎవర్ని కాల్చారన్నది తర్వాత, బియ్యం ఎక్కడిదాకా చేరాయన్నదే నాకు ముందు తోచే ప్రశ్న.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో బర్మా వైపు నుంచి వచ్చిన జపాన్ సైన్యం కోహిమాలో ఉన్న బ్రిటిష్ ఇండియా సైన్యాన్ని ముట్టడించింది. ఆ పోరు జరిగిన చోట్లు చూపించేదే ఈ టూర్. మొదలయ్యేది వార్ సిమెట్రీతో. టికెట్ లేదు. 1944 ఏప్రిల్‌లో ఇక్కడ డిప్యూటీ కమిషనర్ చార్లెస్ పాసీ బంగళా, దాని పక్కన టెన్నిస్ కోర్టు ఉండేవి. ఇప్పుడు బంగళా లేదు, కోర్టు గీతలు మాత్రం తెల్లటి సిమెంటుతో వేసి ఉంచారు. గైడు కుర్రాడు నన్ను ఒక చివర నిలబెట్టి తను ఇంకో చివరకి వెళ్లి "అంకుల్, మీరు బ్రిటిష్, నేను జపాన్" అన్నాడు. మధ్యలో పాతిక మీటర్లు కూడా లేవు. అంత దూరంలో గోతులు తవ్వుకుని, రోజుల తరబడి ఒకరి మీద ఒకరు గ్రెనేడ్లు విసురుకున్నారు. చివరికి మే 13న ఒక ట్యాంకును ఆ కొండ వాలు మీదికి తెచ్చి దగ్గర్నుంచి కాలిస్తే గానీ జపాన్ వాళ్లు కదల్లేదు. ఈ భాగం కుర్రాడు ప్రాణం పెట్టి చెప్పాడు, ఒప్పుకోవాలి.

ఆ తర్వాత "వెళ్దామా" అన్నాడు. ఇదే నా మొదటి ఫిర్యాదు. సిమెట్రీలో సమాధులు 1,420. అవి కాక, దహన సంస్కారం జరిగిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల స్మారకం పైన ఉంది. నేను అడిగితే గానీ అక్కడికి తీసుకెళ్లలేదు. ఎక్కువమంది టూరిస్టులు అడగరట. మా పక్కనున్న మిలిటరీ మాధవరంలో ఆ రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లినవాళ్ల ఇళ్లు వీధివీధినా ఉంటాయి. అలాంటి చోటు నుంచి వచ్చినవాడికి చూపించాల్సింది ముందు ఇదే కదా! మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నెమ్మదిగా ఎక్కండి.

ఇక కొండలు. టూర్‌లో అసలు సరుకు ఇక్కడుంది, కానీ కుర్రాడికి దాని విలువ తెలీదు. జీపీటీ రిడ్జ్, జైల్ హిల్, డీఐఎస్, ఎఫ్‌ఎస్‌డీ అని ఎక్కాలు అప్పజెప్పినట్టు గబగబా చదివేశాడు. రోడ్డు పక్కన కారాపించి నేనే చెప్పాను: డీఐఎస్ అంటే రోజువారీ రేషన్ పంచే స్టోరు, ఎఫ్‌ఎస్‌డీ అంటే ఫీల్డ్ సప్లై డిపో, జీపీటీ లారీల యూనిట్. అంటే జపాన్ దండు వచ్చి పడింది ఒక గోడౌన్ల కేంద్రం మీద. అందుకే ముట్టడిలో చిక్కుకున్న సుమారు 2,500 మందిలో వెయ్యి మంది దాకా పోరాట సైనికులే కారు. డీఐఎస్ మీద రొట్టెలు కాల్చే ఇటుక భట్టీల్లో జపాన్ సైనికులు దూరితే, వాటిని పేల్చి ఖాళీ చేయించారు. ఇప్పుడు ఆ కొండల నిండా ఇళ్లు, ఆఫీసులు. ఎవరో చెప్తే తప్ప అవి యుద్ధం జరిగిన చోట్లని పోల్చుకోలేం.

నీళ్ల సంగతి ఇంకా ఘోరం. జీపీటీ రిడ్జ్ పోగానే మంచినీళ్ల సరఫరా తెగిపోయింది. మనిషికి రోజుకి పావు లీటరు పైచిలుకు. విమానాలు జారవిడిచిన సరుకుల్లో కొన్ని గురి తప్పి అవతలి వాళ్ల చేతిలో పడ్డాయి. ఇదంతా వింటూ గొంతు తడుపుకుందామని చూస్తే మా కారులో ఒక్క బాటిలూ లేదు! రేట్లో నీళ్లు కలవవట.

జపాన్ వైపు లెక్క చూస్తే నాకు ఒళ్లు మండింది. మూడు వారాల తిండి మోసుకుని, పశువుల్ని తోలుకుని చింద్విన్ నది దాటి అడవికొండల్లోకి వచ్చారు. ఆ పశువుల్లో చాలావరకు దారిలోనే పోయాయి. 31వ డివిజన్ జనరల్ సాటో తిండి పంపమని అడిగీ అడిగీ, మే ఆఖరుకి పైవాళ్ల మాట కాదని వెనక్కి తిరిగాడు. జపాన్ వాళ్లతో పాటు నడిచిన ఆజాద్ హింద్ ఫౌజ్ మనవాళ్లదీ అదే ఆకలి. ఇటు బ్రిటిష్ వాళ్ల పద్నాలుగో ఆర్మీకి సరుకులు మోసే డకోటా విమానాలు, దిమాపూర్ డిపో, కంచర గాడిదల కంపెనీలు ఉన్నాయి. ఇంగ్లీషువాళ్లు, పంజాబీలు, గూర్ఖాలు ఎంత వీరులైనా కడుపులో ఏదో ఒకటి పడితేనే కదా!

మోతకూలీల గురించి మాత్రం కుర్రాడు నాకు తెలియనిది చెప్పాడు. వాళ్ల ముత్తాత స్ట్రెచర్ మోశాడట. వానలో బురద దారిన గాయపడ్డవాణ్ణి కిందికి దించాలంటే నలుగురు చాలరని, మనుషులు మారుతూ మోసేవారని ఇంట్లో చెప్పుకునేవారట. ఈ కథ టూర్ మొదట్లో చెప్పాలి. అతనేమో చివర్లో, అదీ నేను అడిగాక చెప్పాడు.

భోజనం బాగుంది. అన్నం, వెదురు కొమ్ములతో కోడికూర, ఉడికించిన ఆకుకూర, పక్కన రాజా మిర్చి చట్నీ. గుంటూరు కారం తిన్న నోరే కదా అని ధైర్యం చేయకండి, గోటితో గీరి రుచి చూడండి చాలు. పంది మాంసం తినేవాళ్లకి అది వేరే పెడతారు.

కిసామాలోని యుద్ధ మ్యూజియంను మాత్రం పరుగుల మీద చూపించారు. డ్రైవరుకి ఇంకో బేరం ఉందట. తుపాకులు, హెల్మెట్లు తీరిగ్గా చూడాలంటే అక్కడికి విడిగా వెళ్లడమే మేలు.

నాగాలాండ్‌కి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. డిసెంబర్ 1 నుంచి 10 దాకా హార్న్‌బిల్ పండగ, ఆ రోజుల్లో ఈ టూర్ పెట్టుకోవద్దు, ట్రాఫిక్‌లోనే సగం పొద్దు పోతుంది. బేరం కుదుర్చుకునేటప్పుడు పై స్మారకం, కొండలు, కిసామా మూడూ ఉన్నాయా అని నోటితో అడిగి ఒప్పించుకోండి. మాకు కిసామా డబ్బులు తిరుగు ప్రయాణంలో విడిగా అడిగారు. సగమే ఇచ్చాను.